బిడ్డా, ఆఖరి అర నిమిషం మర్చిపోకు

బిడ్డా,

ఇండియా టీమ్‌ల నీ పేరు వచ్చిందని మీ అమ్మ పొద్దుగాలనే ఫోన్ చేసింది, చెప్తూ చెప్తూ ఏడ్చింది, నాకూ గొంతు పట్టుకున్నది. 125 కిలోల ఫ్రీస్టైల్ కుస్తీల, ఆసియా లెవెల్‌ల మన తాలీం మట్టిల పెరిగిన పిల్లగాడు నిలబడుతున్నడంటే చిన్న ముచ్చటనా? ఫోన్‌ల చెప్తే సగం మర్చిపోతవ్, అందుకే రాస్తున్న, విమానంల కూసొని నిదానంగ చదువుకో.

ముందుగాల వెయిట్. పెద్ద పహిల్వాన్లకు తూకం ఫికర్ ఉండదనుకుంటరు జనం, కాని నువ్వు ఊర్ల ఉన్నప్పుడు 129కి తక్కువ ఎప్పుడు లేవు. కుస్తీ రోజు పొద్దుగాల తూకం, రెండో రోజు మెడల్ కుస్తీ ఉంటే మళ్ళ పొద్దుగాల తూకం, ఒక్క గ్రాము మాఫీ లేదు. 2024ల పారిస్ ఒలింపిక్స్‌ల మన వినేశ్ ఫోగట్ ఫైనల్ దాకా పోయినాక 100 గ్రాములు ఎక్కువైందని బయటికి పంపిన్రు, ఆ రోజు నేను టీవీ ముందట అన్నం తినలే. ఇప్పటి సంది 124కి దిగి ఆ బరువు మీదనే ప్రాక్టీస్ చెయ్యి. ఆఖరి రాత్రి చెమట సూట్ వేసుకొని ఉరికితే కాంటా మీద గెలుస్తవ్ గాని మూడో కుస్తీకి తొడలు నీ మాట వినవు, ఒక్క రోజుల మూడు నాలుగు కుస్తీలు పడాలె మరి.

ఇగ అసలు ముచ్చట. టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ వీడియో నీకు ఎన్నిసార్లు చూపెట్టిన్నో యాదికుందా, అమెరికా పిల్లగాడు గేబుల్ స్టీవ్‌సన్, జార్జియా పహిల్వాన్ గెనో పెట్రియాష్విలి. పదిహేను సెకన్లు కూడ లేవు, స్టీవ్‌సన్ 8-5తోని వెనకాల ఉన్నడు. మెడ పట్టి కిందికి గుంజి వెనకకు తిరిగిండు, రెండు పాయింట్లు, 8-7. అక్కడ్నే పట్టుకొని కూసోలే, వదిలి లేవనిచ్చిండు, మళ్ళ అదే మెడ, మళ్ళ అదే తిరుగుడు, సెకన్ కూడ మిగలకముందు ఇంకో రెండు, 9-8. జార్జియావాళ్ళు రెఫరీ తీర్పు మీద ఛాలెంజ్ చేసి ఓడిన్రు, దానికి ఇంకో పాయింట్, 10-8. నువ్వు అందరి తీరు స్టీవ్‌సన్‌నే చూస్తవ్, నేను గెనోను చూడమంటున్న. ఆ ఆఖరి సెకన్ల నడుమ ఆయన నడుము ఎట్ల పైకి లేచిందో, చేతులు ఎట్ల మోకాళ్ళ కాడికి జారినయో చూడు. ఊపిరి అయిపోయిన పెద్ద మనిషి ముందుగాల నడుము లేపుతడు, ఎదుటోని మీదికి ఒరుగుతడు, ఒరిగిన మెడను గుంజుడు ఎంత సేపు. రియోల బ్రాంజ్, టోక్యోల సిల్వర్ తీసుకున్న అదే గెనో 2024ల పారిస్‌కు వచ్చి ఇరాన్ అమీర్ హుస్సేన్ జారేను 10-9తోని, ఒక్క పాయింట్‌తోని గెలిచిండు.

నా సంగతి నీకు ఎన్నడు చెప్పలే. అప్పట్ల మా వెయిట్ 130 దాకా ఉండె. ఒక పెద్ద పోటీల ఒక్క పాయింట్ ముందున్న, ఇరవై సెకన్లు ఉండొచ్చు, ఇగ నాదే అనుకొని వెనకకు నడుస్తున్న. చెవులల్ల నా గుండె చప్పుడు తప్ప ఏం వినపడ్తలేదు, మా కోచ్ అరుస్తున్నడని తర్వాత చెప్పిన్రు. వాడు ఉత్తగ నా కుడి మడిమ అందుకున్నడు, అంతే, చాప చల్లగ చెంపకు తగిలింది. ఆ చల్లదనం ఇప్పటికీ యాదికొస్తది. అందుకే రోజు ప్రాక్టీస్ అయిపోయి అందరు నీళ్ళు తాగేటప్పుడు నువ్వు ఇంకొకన్ని పట్టుకొని ముప్పై సెకన్లు ఆడు, అలసిపోయినంక ఆడే ఆ ముప్పై సెకన్లే నీ అసలు ప్రాక్టీస్.

మన మట్టిల గడియారం ఉండదు, పసుపు, మజ్జిగ కలిపిన మట్టిల అర్ధగంట చుట్టు తిరిగి మోక దొరికినప్పుడు ఎదుటోని భుజాలు ఆనిస్తే సాలు. మ్యాట్ మీద తిరుక్కుంట నిలబడితే రెఫరీ ఒకసారి చెప్తడు, రెండోసారి ముప్పై సెకన్ల గడియారం పెడ్తడు, అందుల నువ్వు పాయింట్ తియ్యకుంటె వానికి ఒకటి. గీత దాటి కాలు పెడ్తె ఇంకొకటి. ఇట్లనే మీ వెయిట్‌ల చాన కుస్తీలు 1-1 కాడ ఆగుతయి, అప్పుడు ఆఖరి పాయింట్ ఎవరిదో వాళ్ళదే గెలుపు. మ్యాట్ అంచు కాడి నారింజ రంగు పట్టీ కాలికి తగిలిందంటే వెనకకు పోకు, నుదురు వాని కణతకు ఆనించి, చంక కింద చెయ్యి పెట్టి, పక్కకు తిరుగు.

125 అంటే అందరు 125 ఉండరు, 108, 110 ఉన్నోళ్ళు కూడ వస్తరు, నాకు వాళ్ళతోనే భయం. మిడిల్ వెయిట్ తీరు కాళ్ళ మీదికి ఉరుకుతరు. కింద పడ్డవా, యోగేశ్వర్ దత్ లండన్‌ల బ్రాంజ్ తెచ్చిన ‘ఫీతెలె’ పట్టు యాదికి తెచ్చుకో, చీలమండలు ఒకదాని మీద ఒకటి వాని చేతులకు దొరికితే రెండు, రెండు, రెండు అని బోర్డు ఉరుకుతది. దొరకకముందే ఒక కాలు విడదీసి ముందుకు పాకు, సిగ్గుపడకు. కోచ్ ఛాలెంజ్ అంటే గుడ్డిగ తల ఊపకు, నీ చెయ్యి వాని కాలికి తగిలిందో లేదో నీకే ఎరుక, ఓడితే వానికి ఇంకో పాయింట్ పోతది.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగ చెప్తున్న. ఎవరు ఏ పొడి ఇచ్చినా, జలుబు గోలీ అయినా, టీమ్ డాక్టర్‌కు చూపెట్టకుండ నోట్ల ఏసుకోకు. బీజింగ్, లండన్ రెండిట్ల గెలిచిన ఉజ్బెకిస్తాన్ పహిల్వాన్ తైమజోవ్ గోల్డులు ఏండ్ల తర్వాత పాత శాంపిళ్ళు మళ్ళ పరీక్ష చేసి వాపస్ తీసుకున్నరు. కుస్తీకి కుస్తీకి నడుమ పండుకోకు, ఒళ్ళు బిగుసుకుపోతది, అరటిపండు తిని మెల్లగ నడువు.

తూకం అయినాక నాకు ఫోన్ చెయ్యకు, మాట్లాడితే నీ మనసు ఇంటి దిక్కు పోతది. ‘అయింది’ అని ఒక్క మెసేజ్ పెట్టు సాలు, మీ అమ్మకు నేను పోయి చెప్త.

మీ వస్తాదు