మాస్టారూ, ఒక డౌటు: ఎర్ర పువ్వు పెట్టుకుంటారు, తుపాకి పట్టమంటే పట్టరట!

పోయిన నెల మన బెంగళూరు బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసే చోట ఉన్న వార్ మెమోరియల్ గురించి రెండు ముక్కలు రాశాను కదా, సిగ్నల్ దగ్గర వేలమంది ఆగుతారు, ఒక్కళ్ళూ తలెత్తి చూడరు అని. అది ఎవరికీ పట్టదులే అనుకున్నా గానీ ఈ నెల ఉత్తరాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. కాబట్టి ఈసారికి వాస్తు ప్రశ్నలు పక్కన పెట్టాను, ఏమనుకోకండి.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు, పోయిన నవంబర్‌లో నేనూ మావారూ వెళ్ళాం. ఊళ్ళో ఎవరి కోటు చూసినా ఎర్ర కాగితం పువ్వే. ఆదివారం పదకొండింటికి అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు, చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు, నాకైతే ఒళ్ళు జలదరించింది. అదే రోజు రాత్రి వాడి రూమ్మేట్, అక్కడి కుర్రాడే, నేను చేసిన గుత్తివంకాయ తింటూ "యుద్ధం వస్తే నేనైతే వెళ్ళనాంటీ, ఎవరి కోసం వెళ్ళాలి" అనేశాడు. పొద్దున పువ్వు పెట్టుకుని నిలబడింది కూడా ఆ అబ్బాయే! మావారు ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరయ్యారు, ఆ మాటకి ముద్ద దిగలేదు ఆయనకి. ఇంతకీ వీళ్ళకి దేశభక్తి ఉన్నట్టా, లేనట్టా?
ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి పొద్దున చేసిందీ నిజమే, రాత్రి అన్నదీ నిజమే. మనకి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ వాళ్ళకి కాదు, ఎప్పుడో విడిపోయాయి. ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే మీరు చూసిన లీడ్స్ నుంచే మొదలుపెట్టాలి.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్‌లో నిర్బంధంగా సైన్యంలోకి లాగే చట్టం లేదు. యుద్ధ మంత్రి లార్డ్ కిచెనర్ పోస్టరులో వేలు చూపించి పిలిస్తే కుర్రాళ్ళు లైన్లు కట్టారు, 1916 జనవరిలో చట్టం వచ్చేలోపే సుమారు 25 లక్షల మంది తమంతట తామే చేరారు. ఒక ఊరి వాళ్ళు, ఒక ఆఫీసు వాళ్ళు, ఒక ఫుట్‌బాల్ జట్టు వాళ్ళు కలిసి చేరితే కలిపే ఉంచుతాం అని మాటిచ్చారు, వాటిని పాల్స్ బెటాలియన్లు అనేవాళ్ళు, అంటే స్నేహితుల దళాలు అన్నమాట. లీడ్స్‌కీ ఒకటి ఉండేది. ఐడియా బాగానే ఉంది కదా, కలిసి వెళ్ళి కలిసి వద్దాం అని. 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర ఆ దళాలు కందకాల్లోంచి పైకెక్కి ముందుకు నడిచాయి. ఆక్రింగ్టన్ అనే చిన్న ఊరి దళంలో సుమారు 700 మంది ముందుకెళ్తే అరగంటలో 580 మందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగింది. లీడ్స్ వాళ్ళు కూడా ఆ పక్కనే ఉన్నారు. ఆ ఒక్క రోజు మొత్తం బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవాళ్ళు 19,240, గాయపడ్డవాళ్ళనీ కనపడకుండా పోయినవాళ్ళనీ కలిపితే 57,470. కలిసి చేరారు కాబట్టి కలిసే పోయారు, ఒకే వీధిలో ఇంటింటికీ ఒకే వారంలో టెలిగ్రాములూ ఉత్తరాలూ వచ్చాయి, ఆ వీధి ఎలా ఉండుంటుందో ఊహించుకోండి.

అందుకే మీరక్కడ ఏ పల్లెకి వెళ్ళినా చర్చి పక్కన ఒక రాయి, దాని మీద పేర్లు. మొదటి యుద్ధానికి వెళ్ళినవాళ్ళందరూ ప్రాణాలతో తిరిగొచ్చిన ఊళ్ళు ఎంత తక్కువంటే వాటికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, థాంక్‌ఫుల్ విలేజెస్ అంటారు. మీరు చూసిన పువ్వు 1921లో మొదలైంది, గసగసాల జాతి పువ్వు, ఫ్రాన్స్, బెల్జియం యుద్ధ పొలాల్లో పూసేది. అది గెలిచాం అని పెట్టుకునేది కాదమ్మా, యుద్ధాల్లో పోయినవాళ్ళకి తద్దినం లాంటిది. తద్దినం పెట్టేవాణ్ణి పట్టుకుని "నువ్వూ వెళ్తావా" అని అడిగితే వెళ్ళను అనే కదా అంటాడు. (1933లో అక్కడి సహకార మహిళా సంఘం వాళ్ళు ఇక యుద్ధమే వద్దు అని తెల్ల పువ్వు కూడా మొదలుపెట్టారు, అదీ ఇప్పటికీ దొరుకుతుంది, అది పెట్టుకున్నవాళ్ళని తిట్టేవాళ్ళూ ఉన్నారు.)

ఇక ఆ కుర్రాడి మాట. అతనొక్కడే కాదు, 2015లో గాలప్ ఇంటర్నేషనల్ అనే సర్వే సంస్థ దేశదేశాల్లో అడిగితే దేశం కోసం పోరాడతాం అన్న బ్రిటిష్ వాళ్ళు 27 శాతం, మన దగ్గర అదే ప్రశ్నకి 75 శాతం. 2024 జనవరిలో యూగవ్ సర్వేలో నలభై లోపు వాళ్ళని ప్రపంచ యుద్ధం వచ్చి పిలిస్తే వెళ్తారా అంటే 38 శాతం వెళ్ళం అన్నారు. మా దేశ చరిత్ర చూస్తే గర్వంగా ఉంది అనేవాళ్ళు 2013లో 86 శాతం ఉంటే పదేళ్ళలో 64కి దిగారు. బడిలో బానిస వ్యాపారం గురించి చెప్తున్నారు, సామ్రాజ్యం గురించి ఇళ్ళలో వాదించుకుంటున్నారు, మనవైపు నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలు అక్కడే పుట్టి పెరిగి మా ముత్తాత ఏ వైపు నిలబడ్డాడు అని అడుగుతున్నారు, ఇంక గర్వం పాతలా ఎలా ఉంటుంది చెప్పండి. ఇందులో నాకైతే బాధపడాల్సింది ఏమీ కనపడదు.

కాకపోతే సర్వేల్ని మరీ నమ్మకండి. 1933 ఫిబ్రవరిలో, విద్యార్థుల చర్చావేదిక అయిన ఆక్స్‌ఫర్డ్ యూనియన్ కుర్రాళ్ళు రాజు కోసం దేశం కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ పోరాడం అని తీర్మానం చేశారు, 275 ఓట్లకి 153. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఆరేళ్ళు తిరిగేసరికి హిట్లర్ మీద యుద్ధం వచ్చింది, అదే వయసు కుర్రాళ్ళు యూనిఫాం వేసుకున్నారు. మీ వంకాయ తిన్న అబ్బాయి కూడా రేపు నిజంగా ఇంటి మీదకొస్తే ఏం చేస్తాడో అతనికీ తెలీదు, మావారికి ఈ మాట చెప్పండి... అదే, మీవారికి.

ఇంకొకటి. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దని లండన్‌లో లక్షలమంది రోడ్డెక్కారు, అంత పెద్ద ఊరేగింపు ఆ దేశంలో ఎప్పుడూ జరగలేదంటారు. ప్రధాని బ్లెయిర్ వినలేదు, వెళ్ళారు, శవపేటికలు రావడం మొదలైంది. 2007 నుంచి 2011 దాకా ఇరాక్ నుంచీ అఫ్గానిస్తాన్ నుంచీ వచ్చిన పేటికలు లైన్‌హమ్ విమాన స్థావరంలో దిగి వుటన్ బాసెట్ అనే చిన్న ఊరి మీదుగా వెళ్ళేవి. మొదట్లో నలుగురైదుగురు మాజీ సైనికులు రోడ్డు పక్కన నిలబడి సెల్యూట్ చేశారు, ఎవరూ చెప్పలేదు, ప్రభుత్వం పిలవలేదు. తర్వాత షాపులు మూసి ఊరు ఊరంతా రావడం మొదలైంది, చర్చి గంట మోగేది, జనం మౌనంగా నిలబడేవాళ్ళు. అలా 345 మందిని సాగనంపారు. అక్కడ నిలబడ్డవాళ్ళలో ఆ యుద్ధాలే తప్పు అనుకునేవాళ్ళు బోలెడుమంది. యుద్ధాన్ని తిడతారు, పంపినవాణ్ణి తిడతారు, వెళ్ళినవాణ్ణి మాత్రం తిట్టరు. ఈ తేడా మన టీవీ చర్చల్లో బతకదు, మన దగ్గర ఒకదాన్ని ప్రశ్నిస్తే రెండోదాన్ని తిట్టినట్టే లెక్క.

ప్రశ్న: సార్, నేను ఎమ్.ఇ.జి.లో, అంటే సైన్యం వాళ్ళ మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో, హవల్దార్‌గా చేసి రిటైరై హలసూరులోనే స్థిరపడ్డాను, సొంతూరు తాడేపల్లిగూడెం వైపు. బ్రిటిష్ కాలంలో సైనికుడంటే వాళ్ళ దేశంలో దేవుడిలా చూసేవారని మా తాత చెప్పేవాడు. ఇప్పటి పిల్లలే చెడిపోయారంటారా?
ఒక మాజీ సైనికుడు, హలసూరు

జవాబు: హవల్దార్ గారూ, తాతగారిని కాదంటున్నానని కోప్పడకండి, అప్పుడు అసలు గౌరవమే లేదు! 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్న ఆర్థర్ వెల్లెస్లీ, అదే తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, 1813లో స్పెయిన్ నుంచి రాసిన ఉత్తరంలో తన సొంత సైనికుల్నే భూమ్మీద చెత్త అన్నాడు. గెలిపించిన సైనికుల్ని! పనిలేనివాడు, తాగుబోతు, కోర్టు కేసు ఉన్నవాడు చేరే చోటు అని పేరు. కొడుకు సిపాయిగా చేరాడంటే మర్యాదస్తుల ఇంట్లో పరువు పోయినట్టు ఏడ్చేవారు, యూనిఫాంలో వెళ్తే కొన్ని పబ్బుల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. 1854లో క్రిమియా యుద్ధం నుంచి పేపర్లలో రోజూ వార్తలు వచ్చి, సిపాయిలు చలికీ కలరాకీ ఎలా చస్తున్నారో జనం చదివాకే కాస్త మనసు కరిగింది. ఆఫీసరూ సిపాయీ తేడా లేకుండా ఇచ్చే విక్టోరియా క్రాస్ 1856లో పెట్టింది అందుకే.

నేను గమనించింది ఏంటంటే సైనికుడు వాళ్ళకి ఎంత దగ్గరగా ఉంటే అంత చులకన, ఎంత దూరమైతే అంత గౌరవం. రెండో యుద్ధం తర్వాత నేషనల్ సర్వీస్ అని కుర్రాళ్ళందరూ చేయాల్సొచ్చేది, 1960తో పిలవడం ఆపేశారు, చివరి బ్యాచ్ 1963లో ఇంటికొచ్చింది. అప్పటిదాకా ప్రతి ఇంట్లో బూట్లు పాలిష్ చేసి విసిగిపోయినవాడు ఒకడుండేవాడు, వాడి దగ్గర వీరగాథలు ఏం ఉంటాయి, సార్జెంట్ని తిట్టుకోవడమే. తర్వాత ఐర్లండ్ గొడవల్లో ఐ.ఆర్.ఎ. అనే అక్కడి సాయుధ దళం కాల్చేస్తుందని బయట యూనిఫాం వేసుకోవద్దన్నారు, సైనికుడు కంటికే కనపడకుండా పోయాడు. 2008కి పరిస్థితి ఎక్కడికొచ్చిందంటే పీటర్‌బరో ఊళ్ళో జనం తిడుతున్నారని ఎయిర్‌ఫోర్స్ వాళ్ళని యూనిఫాంలో బజారుకి వెళ్ళొద్దన్నారు. మరుసటి ఏడు నుంచే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ డే అని జాతర మొదలైంది. ఇప్పుడు చప్పట్లు ఎక్కువ, సైన్యం తక్కువ. 2010లో లక్ష దాటి ఉన్న రెగ్యులర్ ఆర్మీ ఇప్పుడు డెబ్బై వేల చిల్లర, మొత్తాన్ని తీసుకొచ్చి రెండు మూడు చిన్నస్వామి స్టేడియాల్లో కూర్చోబెట్టేయొచ్చు.

మీ వైపు మిలటరీ మాధవరం ఉంది కదా, ఇంటికొకరు చొప్పున పటాలంలో ఉన్న ఊరు. అక్కడ ఎవరూ సైనికుణ్ణి చూసి ఒళ్ళు జలదరించరు, సెలవు మీద వచ్చాడా, క్యాంటీన్ సామాను తెచ్చాడా అని అడుగుతారు. మా అపార్ట్‌మెంట్‌లో అలా కాదు, జనవరి 15, ఆర్మీ డే వస్తే నూట ఇరవై ఫ్లాట్ల వాళ్ళూ స్టేటస్ పెడతారు, సైన్యంలో పిల్లాడున్న ఇల్లు ఒక్కటి లేదు. నా సంగతీ చెప్పేస్తా, మావాడు ఇంటర్‌లో ఎన్.డి.ఎ. (సైన్యంలో ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ) అప్లికేషన్ తెచ్చుకుంటే మా ఆవిడ కందిపప్పు డబ్బా కింద దాచింది, లాస్ట్ డేట్ అయ్యేదాకా నేను చూసీ చూడనట్టు ఊరుకున్నా.

ప్రశ్న: మనలాగా వాళ్ళూ థియేటర్లో జాతీయగీతానికి నిలబడతారా?
విజయనగర్ నుంచి ఒకరు

జవాబు: ఒకప్పుడు నిలబడేవాళ్ళు. సినిమా అయ్యాక వేసేవాళ్ళు, దాంతో అది మొదలవకముందే గుమ్మం దాటేద్దామని పరిగెత్తడం ఒక ఆటైపోయింది, చివరి బస్సు ఒకటి సాకు. డెబ్బైలకల్లా థియేటర్ల వాళ్ళే మానేశారు, ఎవరూ ధర్నా చేయలేదు. మన సుప్రీంకోర్టు 2016 నవంబర్‌లో తప్పనిసరి అని, 2018 జనవరిలో అక్కర్లేదు, వేస్తే నిలబడండి అంది, అది మీకు గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: అంకుల్, వాళ్ళకి మనుషులు దొరకట్లేదట కదా, మనం చేరొచ్చా? సీరియస్‌గానే అడుగుతున్నా, బెంచ్ మీద ఉన్నా.
ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: బాబూ, దొరకట్లేదన్నది నిజమే. 2019లో పాత కిచెనర్ పోస్టరునే తిరగేసి ఫోన్‌కి అతుక్కుపోయినవాళ్ళు, సెల్ఫీ పిచ్చోళ్ళు మాకు కావాలి అని బోర్డులు పెట్టారు, నీకు సరిగ్గా సరిపోతాయి. కామన్‌వెల్త్ దేశాల వాళ్ళని తీసుకుంటారు, ఐదేళ్ళు అక్కడ ఉండాలన్న రూల్‌ని 2018లో సడలించి ఏడాదికి 1,350 మంది దాకా అన్నారు, ఫిజీ కుర్రాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు, నేపాల్ గూర్ఖాల దారి వేరు. వాళ్ళ పిల్లలు రాకపోతే ఎవరి పిల్లలతో నింపుతారన్నది కొత్త కథేం కాదు, బ్రిగేడ్ రోడ్డు రాయి వాళ్ళ యుద్ధాల్లో పోయిన మనవాళ్ళ కోసం పెట్టిందే. అయినా బెంచ్ మీద ఉన్నందుకు పరాయి దేశం పటాలంలో చేరతావా, ముందు మీ అమ్మగారికి ఫోన్ చెయ్.

ప్రశ్న: బెంగళూరు క్లబ్‌కి చర్చిల్ బాకీ ఉన్నాడన్నది నిజమేనా? అంత దేశభక్తుణ్ణి యుద్ధం గెలిచాక ఓడించారెందుకు?
ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: బాకీ నిజమే, 13 రూపాయలు. 1896లో కుర్ర లెఫ్టినెంటుగా ఇక్కడికి వచ్చాడు, యుద్ధం కన్నా పోలో ఎక్కువ ఆడాడు. క్లబ్ పద్దు పుస్తకంలో ఆ 13 రూపాయలు రాని బాకీల కింద రాసుంది, అదిప్పుడు వాళ్ళకి ఆస్తి.

ఓటమి సంగతి ఇంకా బావుంటుంది. 1945 జూలై 5న ఓట్లు వేశారు, లెక్కపెట్టింది 26న. మూడు వారాలు ఎందుకు ఆగారంటే సైనికుల ఓట్లు జర్మనీ నుంచి, ఈజిప్టు నుంచి, మన దేశం నుంచి రావాలి. వచ్చాయి, ఎక్కువ భాగం చర్చిల్‌కి ఎదురు నిలబడ్డ లేబర్ పార్టీకే. 393 సీట్లతో ఆ పార్టీ నాయకుడు అట్లీ గెలిచాడు. ఆ కుర్రాళ్ళు ఐదేళ్ళు చర్చిల్ చెప్పిన చోటల్లా పోరాడారు, పోరాటం అయ్యాక ఇల్లు కావాలి, ఉద్యోగం కావాలి, జబ్బు చేస్తే డాక్టరు కావాలి అనుకున్నారు. ముసలాయన మీద కోపమేం లేదు, ఊరేగింపుకొస్తే ఈలలేసి చప్పట్లు కొట్టేవాళ్ళే, ఓటు మాత్రం వెయ్యలేదు.