ఉపవాసముంటే, కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పాడైనవి పోయి క్యాన్సర్ తగ్గుతుందా?

తగ్గదు. ఇప్పటికే క్యాన్సర్ ఉన్న మనిషికి ఈ సలహా ఇవ్వడం ప్రమాదం కూడా.

మా పెద్దనాన్నకి ప్యాంక్రియాస్ క్యాన్సర్. కీమో నడుస్తుండగా చూడ్డానికి వెళ్తే, మధ్యాహ్నం రెండు దాటినా ఆయన అన్నం ముట్టలేదు, పెద్దమ్మ కంచం పట్టుకుని బతిమాలుతోంది. అసలే చొక్కా భుజాల మీద నిలవనంత చిక్కిపోయారు. "ఉపవాసముంటే కణాలు చెత్తని అవే తినేస్తాయిరా, జపాన్ ఆయనకి నోబెల్ కూడా ఇచ్చారు" అని ఫోన్లో వీడియో పెట్టారు. ఒళ్ళు మండిపోయింది. "ఒసుమి గారికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజమే పెద్దనాన్నా, కానీ ఆయన పస్తు పెట్టింది ఈస్ట్ కణాలని" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, గంటసేపు వాదించుకున్నాం.

నేను ఆయనకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. మైటోకాండ్రియా బాగుంటే పింక్1 అనే ప్రోటీన్ లోపలికి వెళ్ళగానే ముక్కలైపోతుంది. లోపలి పొర మీద వోల్టేజీ పడిపోతే మాత్రం అది బయటే పోగుపడి ఇంకో ప్రోటీన్ అయిన పార్కిన్‌ని రప్పిస్తుంది, పార్కిన్ ఆ మైటోకాండ్రియా మీద 'దీన్ని పారేయాలి' అని చెప్పే యుబిక్విటిన్ గుర్తులు వేస్తుంది, అప్పుడు ఒక పొర వచ్చి దాన్ని చుట్టేసి, కణంలో చెత్తని అరిగించే సంచి లాంటి లైసోజోమ్‌లో పడేస్తుంది. పాడైన మైటోకాండ్రియా దగ్గరికి పార్కిన్ చేరుతుందని 2008లో అమెరికాలో రిచర్డ్ యూల్ ల్యాబు చూపించింది. పార్కిన్ జన్యువు కొన్ని రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో తెగిపోయి కనిపిస్తుంది, అంటే మొదట్లో ఈ శుభ్రత మనల్ని కాపాడేదే అని నా నమ్మకం.

గడ్డ పెరిగాక కథ మారిపోతుంది. ఆక్సిజన్ అందని గడ్డలో బీనిప్3, నిక్స్ లాంటి ప్రోటీన్లు పెరిగి ఇదే పనితో క్యాన్సర్ కణాన్ని బతికిస్తాయి. ప్యాంక్రియాస్ గడ్డలైతే కణం తన చెత్తని తానే తినే ఈ ఆటోఫజీ మీదే బాగా ఆధారపడతాయి. అందుకే లైసోజోమ్‌ని అడ్డుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని కీమోతో కలిపి రోగుల మీద పరీక్షించారు. ముదిరిన ప్యాంక్రియాస్ క్యాన్సర్‌లో దానివల్ల ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు, అది వేరే సంగతి. కానీ చూడండి, డాక్టర్లు ఆపాలని చూసినదాన్ని పెంచుకోమని ఆ వీడియో చెప్తోంది!

ఏకాదశి ఉపవాసం జోలికి నేను పోను, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఇష్టం. నా కోపం ఆసుపత్రి మీద కూడా. అన్ని స్కాన్లు రాశారు, అన్ని బిల్లులు కట్టించుకున్నారు, ఏం తింటున్నారని ఒక్కరూ అడగలేదు. మేమే పట్టుబట్టి డైటీషియన్ని కలిశాక పెద్దనాన్న గుడ్లు, పెరుగన్నం కొద్దికొద్దిగా తినడం మొదలుపెట్టారు. మీ ఇంట్లో కీమో నడుస్తుంటే మొదటి వారంలోనే డైటీషియన్ అపాయింట్‌మెంట్ అడిగి తీసుకోండి.