రోటా చుక్కలు: 56 శాతమంటే?

ప్రశ్న: మా పాపకు ఆరో వారం. విరేచనాలు తెచ్చే రోటా వైరస్ సోకకుండా వేసే రోటా చుక్కలు 56 శాతమే పనిచేస్తాయట. అయినా వేయించాలాండీ? – ఒక తల్లి, అమలాపురం

జవాబు: తప్పకుండా వేయించండమ్మా. వందమందికి వేస్తే 44 మందికి జబ్బొస్తుందని కాదు దానర్థం. హైదరాబాద్‌లో తయారైన రోటావ్యాక్ అనే రోటా టీకా చుక్కలను ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్లపై పరీక్షించారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి మందులేని చుక్కలు. ఎవరికేది పడిందో తల్లిదండ్రులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. తెలిస్తే చూసే కన్నే మారిపోతుంది. మందులేని చుక్కలు పడ్డవాళ్లతో పోలిస్తే, తొలి ఏడాదిలో టీకా పిల్లల్లో తీవ్రమైన రోటా విరేచనాలు సుమారు 56 శాతం తగ్గాయి. టీకా వల్ల పేగు మడతపడుతుందేమోనని విడిగా కనిపెట్టి చూశారు కూడా.

కాలవ నీళ్లు కాచి వాడినా రోటా చేతుల మీదుగా సోకుతుంది. 6, 10, 14 వారాల్లో వేయించండి. తర్వాత ఆగని ఏడుపు, వాంతులు, విరేచనంలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.