సెండ్‌లో ఎర్రర్ లేదు, అయినా ఫైలు సగమే చేరుతోంది: కారణం ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధం ఇది: సీ ప్రోగ్రాములో టీసీపీ (నెట్‌వర్కులో డేటాను వరుస తప్పకుండా చేర్చే పద్ధతి) సాకెట్, అంటే కనెక్షన్‌కు మీ వైపు కొస, తెరిచి, ఫైలు మొత్తాన్ని మెమరీలోకి చదివి, ఒకే ఒక్క సెండ్ (డేటా పంపే ఫంక్షన్) కాల్‌తో సర్వరుకు పంపి, వెంటనే క్లోజ్ చేస్తున్నారు. రెండు ప్రోగ్రాములూ ఒకే కంప్యూటరులో ఉన్నంతసేపు ఫైలు పూర్తిగా వస్తోంది. సర్వరును వేరే నెట్‌వర్కులోకి మార్చగానే చివరి భాగం పోతోంది, ఎర్రర్ మాత్రం ఎక్కడా కనబడటం లేదు. సరిగ్గా ఇదే సమస్యతో నేను చాలా రోజులు సతమతమయ్యాను. నా విషయంలో తప్పు ఒకటి కాదు, రెండు. మొదటిది సరిచేసిన తర్వాతే రెండోది బయటపడింది.

సెండ్ విజయవంతంగా తిరిగివచ్చిందంటే డేటా అవతలి కంప్యూటరుకు చేరినట్లు కాదు. మీరిచ్చిన బైట్లలో కొన్నింటిని మీ కంప్యూటరులోని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం) తన బఫరులోకి, అంటే తాత్కాలిక నిల్వలోకి, కాపీ చేసుకుందని మాత్రమే దాని అర్థం. ఎన్ని కాపీ అయ్యాయో ఆ ఫంక్షన్ తిరిగి ఇచ్చే సంఖ్య చెబుతుంది, కానీ మనలో చాలామందిమి ఆ సంఖ్య ఎర్రర్‌ను సూచించే మైనస్ ఒకటి అవునా కాదా అన్నది చూసి ఊరుకుంటాం. సాకెట్ నాన్‌బ్లాకింగ్ (చోటు లేకపోయినా ఆగకుండా వెంటనే తిరిగివచ్చే రకం) అయితే కోరినదానికంటే తక్కువ బైట్లు తీసుకోవడం మామూలే. బ్లాకింగ్ సాకెట్ అయితే సాధారణంగా అన్నీ తీసుకునేదాకా ఆగుతుంది కాబట్టి, లూప్ అవసరం లేదన్న నమ్మకం మనలో స్థిరపడిపోతుంది. నేనూ ఆ నమ్మకంతోనే రాశాను. అయితే నా ప్రోగ్రాములో ఎంత శాతం పూర్తయిందో చూపడానికి సెకనుకోసారి ఒక టైమర్ సిగ్నల్ (ప్రోగ్రాము పనికి మధ్యలో అడ్డొచ్చే సూచన) వచ్చే ఏర్పాటు ఉంది. ఒకే కంప్యూటరులో ఆ సెకను గడవకముందే పని ముగిసేది. దూరపు సర్వరుకు పంపేటప్పుడు మాత్రం సెండ్ మధ్యలో ఉండగా సిగ్నల్ వచ్చేది, అప్పటిదాకా కాపీ అయిన లెక్కతో సెండ్ తిరిగివచ్చేది. ఆ సంఖ్యను అచ్చువేసి చూసినప్పుడు గాని విషయం తెలియలేదు: నేను పంపమన్నది 41,94,304 బైట్లు, తిరిగివచ్చిన సంఖ్య 18,76,240. మిగిలిన 23,18,064 బైట్లను కెర్నల్‌కు అసలు ఇవ్వనేలేదు.

కాబట్టి సెండ్‌ను ఎప్పుడూ లూపులోనే ఉంచండి. ప్రతిసారీ వచ్చిన సంఖ్య మేరకు పాయింటరును ముందుకు జరిపి, మిగిలిన పరిమాణంలోంచి అంత తగ్గించి, సున్నా అయ్యేదాకా మళ్లీ కాల్ చేయాలి. మైనస్ ఒకటి వచ్చి ఎర్‌నోలో (ఎర్రర్ సంఖ్య ఉండే వేరియబుల్‌లో) ఈఇంటర్ (సిగ్నల్ అడ్డొచ్చిందన్న కోడ్) ఉంటే అది వైఫల్యం కాదు, మళ్లీ ప్రయత్నించాలి. నాన్‌బ్లాకింగ్ సాకెట్‌లో ఈఎగైన్ (ఇప్పుడు చోటు లేదన్న కోడ్) వస్తే, రాయడానికి చోటు దొరికేదాకా పోల్ ఫంక్షన్‌తో ఎదురుచూడాలి. తిరిగివచ్చే సంఖ్యను సైన్డ్ (రుణ సంఖ్యలూ పట్టే) వేరియబుల్‌లోనే తీసుకోండి, లేకపోతే మైనస్ ఒకటి బ్రహ్మాండమైన సంఖ్యగా మారి లూప్ దారి తప్పుతుంది.

ఇక రెండో తప్పు. లూప్ రాశాక కూడా అప్పుడప్పుడు చివరి కొంత భాగం చేరేది కాదు. మా సర్వరు కనెక్షన్ కుదరగానే ఒక చిన్న స్వాగత వాక్యం పంపేది; నాకు దానితో పని లేదు కాబట్టి నేను చదివేవాణ్ణి కాదు. చదవని డేటా రిసీవ్ బఫరులో ఉండగా క్లోజ్ చేస్తే, లైనక్సులో టీసీపీ కనెక్షన్‌ను మర్యాదగా ముగించదు. రీసెట్ (కనెక్షన్‌ను ఉన్నపళంగా తెంచే సందేశం) పంపి, ఇంకా బయటికి వెళ్లని బైట్లను వదిలేస్తుంది. అంటే సెండ్ అంగీకరించిన బైట్లు కూడా పోతాయి. 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 1122 చెబుతున్నదీ ఇదే, కాబట్టి దీన్ని లైనక్సు లోపమనడానికి లేదు. సరైన పద్ధతి ఏమిటంటే, పంపడం పూర్తయ్యాక షట్‌డౌన్ ఫంక్షన్‌తో రాసే దిశను మాత్రమే మూసి, అవతలివైపు కూడా మూసినట్లు తెలిసేదాకా, అంటే రిసీవ్ సున్నా ఇచ్చేదాకా చదువుతూ ఉండి, ఆ తర్వాత క్లోజ్ చేయడం. డేటా ముఖ్యమైనదైతే ఇదీ చాలదని నా అభిప్రాయం. సర్వరు ఫైలును డిస్కుకు రాసిన తర్వాత "అందింది" అని ఒక జవాబు పంపేలా మీ ప్రోటోకాల్‌లోనే ఏర్పాటు చేసుకోండి, ఎందుకంటే అవతలి ప్రోగ్రాము ఆ బైట్లను నిజంగా చదివిందో లేదో టీసీపీ మీకు చెప్పదు.

అందుకునేవైపు కోడ్ కూడా ఓసారి చూడండి. టీసీపీకి మెసేజి అన్న భావనే లేదు, అది బైట్ల ప్రవాహం మాత్రమే. మీరు మూడుసార్లు సెండ్ చేసింది అక్కడ ఒక్క రిసీవ్‌లో రావచ్చు, ఒక్కసారి చేసింది ఇరవై ముక్కలుగానూ రావచ్చు. అందుకే ముందుగా నాలుగు బైట్లలో పొడవు పంపి, ఆ తర్వాత అన్ని బైట్లు పంపడం మేలు. ఆ పొడవును హెచ్‌టీఓఎన్ఎల్ ఫంక్షన్‌తో నెట్‌వర్క్ క్రమంలోకి (పెద్ద విలువ గల బైటు ముందుండే క్రమంలోకి) మార్చి పంపండి, అవతల ఎన్‌టీఓహెచ్ఎల్‌తో వెనక్కి మార్చడం మరవకండి. ఒకసారి మేము రెండోది మరచిపోతే, 1000 అని పంపిన పొడవును సర్వరు 3,89,25,10,720గా చదివి, అంత మెమరీ దొరకక ఆగిపోయింది. 0, 0, 3, 232 అని వెళ్లిన బైట్ల వరుసను అది తలకిందులుగా, 232 నుంచి మొదలుపెట్టి అర్థం చేసుకుంది.

అవతలివాళ్లు మూసేసిన కనెక్షన్‌లోకి రాస్తే సిగ్‌పైప్ సిగ్నల్ వచ్చి, దాన్ని పట్టించుకునే కోడ్ లేకపోతే మీ ప్రోగ్రామే చప్పుడు లేకుండా ఆగిపోతుంది. లైనక్సులో సెండ్‌కు నోసిగ్నల్ ఫ్లాగ్ ఇస్తే సిగ్నల్‌కు బదులు ఈపైప్ ఎర్రర్ వస్తుంది.

పరీక్షించడానికి దూరపు సర్వరు అక్కర్లేదు. మీ కంప్యూటరులోనే సర్వరు ప్రోగ్రాములో ప్రతి రిసీవ్‌కు ముందు కొన్ని మిల్లీసెకన్ల నిద్ర పెట్టి, ఒకసారికి 512 బైట్లే చదివించండి. బఫర్లు నిండిపోయి, నేను పైన చెప్పిన రెండు లోపాలూ మీ కోడ్‌లో ఉంటే కనిపించే అవకాశం బాగా పెరుగుతుంది. చేరిన ఫైలునూ అసలు ఫైలునూ షా256 విలువతో (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తింపు విలువతో) పోల్చి చూసుకోండి. అవి తేడాగా వస్తే, సెండ్ తిరిగి ఇచ్చిన సంఖ్యలన్నింటినీ వరుసగా అచ్చువేసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.