ద్రవం కంటే ముందు ట్యూబ్ చూడు

అమ్మా,

గుండె ఆపరేషన్ అయిన మీ పేషెంట్‌కి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, లిక్విడ్ వెంటిలేషన్, అంటే ఆక్సిజన్‌ని మోసే ద్రవాన్ని ఊపిరితిత్తుల్లో పోసి శ్వాస ఇవ్వడం, పనికొస్తుందా అని అడిగావు. ఆ ఆశ నాకూ ఒకప్పుడు గట్టిగా ఉండేది. 1966లో క్లార్క్, గోలన్ ఆక్సిజన్ ఎక్కించిన ఫ్లోరోకార్బన్ ద్రవంలో ఎలుకను పూర్తిగా ముంచితే, అది ఆ ద్రవాన్నే పీలుస్తూ బతికింది. ఆ ద్రవం చూడటానికి నీళ్లలా తేటగా ఉంటుంది గానీ నీళ్లకు దాదాపు రెట్టింపు బరువు. వెల్లకిలా పడుకున్నవాళ్లకి వీపువైపు ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది కదా, ద్రవం ఆ బరువుతో సరిగ్గా అక్కడికే జారి దాన్ని విప్పుతుంది. 1990ల్లో నెలలు నిండని పిల్లల్లో వాడి చూసినప్పుడు అందరికీ ఆశ కలిగింది.

ఈ ద్రవం మీద 2006లో వచ్చిన ట్రయల్ మాత్రం తప్పకుండా చదువు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న 311 మంది వయోజనులు. మామూలు వెంటిలేటర్ మీద 28 రోజుల్లో 15 శాతం మంది పోతే, తక్కువ మోతాదు ద్రవం పోసినవాళ్లలో 26, ఎక్కువ మోతాదులో 19. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), బీపీ పడిపోవడం కూడా ద్రవంతోనే ఎక్కువ. మందుల మీద నిలబడిన గుండె వీటిని తట్టుకోలేదు. అందుకే వద్దంటున్నాను.

ముందు కారణం వెతుకు. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ గొట్టాల్లో తిరిగిన రక్తం ఒళ్లంతా వాపు రేపుతుంది, నిజమే. ఎక్కించిన రక్తం వల్ల కావచ్చు, గుండె ఎడమవైపు బలహీనమై నీరు చేరడం కావచ్చు. ఒక్కోసారి ఇవేవీ కావు. ఒక రాత్రి ఒక పేషెంట్‌కి రక్తంలో ఆక్సిజన్ శాచ్యురేషన్ 84 శాతానికి పడిపోతే, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని నేను ఆక్సిజన్, ప్రెషర్ పెంచుకుంటూ పోయాను. పక్కనున్న నర్సు పెదవి దగ్గర శ్వాస ట్యూబ్ మీది సెంటీమీటర్ల మార్కు చూపించింది. 22 దగ్గర ఉండాల్సింది 26 దగ్గర ఉంది. ట్యూబ్ లోపలికి జారి కుడి ఊపిరితిత్తికే గాలి వెళ్తోంది, ఎడమవైపు స్టెత్ పెడితే చప్పుడే లేదు. ట్యూబ్ వెనక్కి లాగాక రెండు నిమిషాల్లో 97. ఆ గంటసేపు నేనే ఆయన్ని ఇబ్బంది పెట్టాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ట్యూబ్, ఛాతీలోని డ్రెయిన్ గొట్టాలు, గుండె ఎకో, ఎక్స్‌రే అన్నీ చూశాక కూడా ఊపిరితిత్తులదే తప్పని తేలితే, పేషెంట్ ఎత్తు టేపుతో కొలువు. ఆ ఎత్తుకు ఉండాల్సిన బరువు లెక్కగట్టి, ఒక్కో శ్వాసకి కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇవ్వు, ప్లాటో ప్రెషర్ (శ్వాస నిండాక ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) 30 దాటనివ్వకు. అయినా ఆక్సిజన్ అందకపోతే బోర్లా పడుకోబెట్టడం గురించి సర్జన్‌తో మాట్లాడు. ఛాతీ ఎముక కుట్లున్నాయని భయపడతారు, ఆ భయంలో అర్థముంది. కానీ జాగ్రత్తగా చేస్తే కుదురుతుంది. ద్రవం చెయ్యాలనుకున్న పనే, మందేమీ పొయ్యకుండా, ఇది చేస్తుంది. రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో మెషిన్ టీమ్‌కి మాత్రం ముందే చెప్పి ఉంచు, చివరి నిమిషం దాకా ఆగకు.

ఈ రాత్రికే ట్యూబ్ మార్కు ఎంతుందో చూసి నాకు ఫోన్ చెయ్యి. ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.