మళ్లీ గ్రామసభకు వెళ్లబోయే నా మేనకోడలికి

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు ఏడ్చింది ఇంకా నా చెవుల్లోనే ఉంది. చివరి వీధికి నీళ్లు సరిగ్గా రావడం లేదని గ్రామసభలో లేచి చెప్పగానే, ఒకాయన "చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ, కూర్చో" అన్నాడని చెప్పావు. ఇక జన్మలో నోరు తెరవనన్నావు. అంత మాట అనకు తల్లీ. ఆ రోజు నీ కాళ్లు వణికాయని నాకు తెలుసు. అయినా లేచావు చూడు, దానికే నాకు కడుపు నిండింది.

నీకు 19 నిండాయి, ఓటరు జాబితాలో పేరుంది. ఊరి జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. నిన్ను కూర్చోమన్న ఆయన ఎలా సభ్యుడో నువ్వూ అలాగే. నా చిన్నప్పుడు ఓటు 21 ఏళ్లకు గానీ వచ్చేది కాదు, 1989లో 18కి తగ్గించారు. చేతికొచ్చిన హక్కును వదులుకోకు.

ఇప్పుడు నీ మాట సంగతి. "సరిగ్గా రావడం లేదు" అన్నావు. "వస్తున్నాయిగా" అని వాళ్లు ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. నీ దగ్గర జవాబు లేదు. అందుకని ఈ పని చెయ్యి. ఒక నోటు పుస్తకం తీసుకో. పది రోజుల పాటు చివరి వీధి కుళాయి దగ్గర నువ్వో, నీ స్నేహితురాలో పొద్దున్నే నిలబడండి. నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎన్నింటికి ఆగాయి, ఎన్ని బిందెలు నిండాయి, ఎంతమంది ఖాళీ బిందెతో వెనక్కి వెళ్లారు, అన్నీ రాయండి. అదే టైముకి ట్యాంకు పక్క వీధిలో ఎలా వస్తున్నాయో ఇంకొకరు రాయాలి. వాల్వు తిప్పే అతన్ని తప్పుపట్టినట్టు కాకుండా, మంచిగా పలకరించి అడుగు. ఏ వీధికి ఎంతసేపు వదులుతున్నాడో అతనికి తెలిసినట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు.

లెక్క మీద నాకెందుకింత నమ్మకమో చెబుతాను. 1991లో నాకు 20 ఏళ్లు. మన నెల్లూరు జిల్లాలో అక్షర దీపం అని రాత్రి బడులు నడిచేవి, నేనూ వాలంటీరుగా చేరాను. రామాలయం అరుగు మీద లాంతరు వెలుగులో, నాటు వేసి వచ్చిన ఆడవాళ్లకి అక్షరాలు నేర్పేదాన్ని. వాళ్ల చేతులకి ఇంకా బురద వాసన ఉండేది. ఒక రాత్రి ఒకామె పలక మీద ఒక పక్క మొగుడి వారం కూలి, ఇంకో పక్క సారా ప్యాకెట్లకి పోయిన డబ్బు వేసింది. తీసివేసి, మిగిలింది చూసి, చాలాసేపు మాట్లాడలేదు. ఆ పలక చేతులు మారింది. ప్రతి ఒక్కరూ తమ ఇంటి లెక్క వేసుకున్నారు. ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదమ్మా. ఆ తర్వాత దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు సారాను అడ్డుకున్నారు. అది ఊరూరూ పాకి జిల్లాలో సారా దుకాణాల వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు.

మా వాలంటీర్లలో చాలామంది నీ ఈడు వాళ్లే. అయినా ఉద్యమం నడిపింది మేం కాదు, దెబ్బలు తిన్న ఆడవాళ్లు. మేం లాంతరు పట్టుకున్నాం, అర్జీలు రాసిపెట్టాం. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈసారి సభలో ముందు నువ్వు లేవకు. చివరి వీధిలో పసిబిడ్డను ఎత్తుకుని బిందె మోసే ఆమెను లేవమను. ఆమెకి భయమైతే ముందు రోజు సాయంత్రం వాళ్ల ఇంటి ముందే రెండుసార్లు చెప్పించు. ఆమె చెప్పాక నువ్వు లేచి పది రోజుల లెక్క చదువు. గొంతు పెంచకు, అంకెలు మాత్రం మెల్లగా, అందరికీ వినపడేలా చదువు. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలు ఇదే చేసేవారు. ఇంటింటికీ తిరిగి అడిగి, ఆ వివరాలు సభలో పైకి చదివేవారు. ఎవరెన్ని రోజులు పని చేశారో పేరుపేరునా చదువుతుంటే కూర్చోమనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

కాగితం పని కూడా ఉంది. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకటి కార్యదర్శికి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకో. సభలో చూస్తాం అంటే ఊరుకోకు, తీర్మానంగా రాయమని అడుగు. రాసింది పైకి చదివించు. నీళ్ల మరమ్మతులకు ఎంత ఖర్చయిందో తెలియాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఒకటి చెప్పడానికి మనసు రావడం లేదు, కానీ చెప్పాలి. నువ్వు లెక్క రాయడం మొదలుపెడితే, చివరి వీధికి నీళ్లు ఎందుకు అందడం లేదో రెండో రోజుకే తెలుస్తుంది. ట్యాంకు దగ్గరి ఇళ్లలో కుళాయికి మోటారు పెట్టి లాగుతున్నారు. అలా లాగేవాళ్లలో మీ నాన్న కూడా ఉన్నాడమ్మా. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు పెరట్లో బస్తా కింద దాన్ని నేను చూశాను. అన్నతో ఏమీ అనలేకపోయాను, అది నా తప్పే.

సభలో నువ్వు నోట్సు విప్పగానే ముందు వచ్చే ప్రశ్న అదే. కాబట్టి నీ మొదటి సభ ఇంట్లోనే పెట్టు. నాన్న అన్నం తిని తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పు. కోపంగా కాదు, ఆ పుస్తకం చేతికిచ్చి చదవమను. వాడు మొండివాడే కానీ అంకె చూస్తే కాదనడు. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఆదివారం బస్సెక్కి వస్తాను.

మోటారు తీసేసిన రోజు కూడా ఫోన్ చెయ్యి. గ్రామసభ తేదీ చాటింపు వేయగానే చెబితే నేనూ వస్తాను. నా ఓటు అక్కడ లేదు కాబట్టి మాట్లాడను, చివరి వీధి ఆడవాళ్ల వెనక కూర్చుని వాళ్ల బిడ్డల్ని పట్టుకుంటాను.

మీ అత్త