భరత్‌పూర్ అడవి రోడ్డులో సైకిల్ తొక్కే బాబుకి మోకాళ్ల నొప్పి: సీటు చూడండి

తప్పు సీటుది, బాబుది కాదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అడవి, అంటే కేవలాదేవ్ పార్కులో రోడ్డు దాదాపు చదును, పర్యాటకుల కార్లూ రావు. అలాంటి చోట రెండు కిలోమీటర్లకే మోకాళ్లు లాగుతున్నాయంటే, అద్దె సైకిల్ సీటు బాగా కిందికి ఉండి ఉంటుంది.

పిల్లల పాదాలు రెండూ నేలకి ఆనాలని మనమే దించేస్తాం. మా అమ్మాయికి నేనూ అదే చేశాను.

1. సైకిల్ మీరు పట్టుకుని బాబుని ఎక్కించండి.
2. ఒక పెడల్ పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టమనండి. కాలు నిటారుగా చాచుకునేంత వరకు సీటు లేపండి.
3. తొక్కడం మాత్రం పాదం ముందు భాగంతో. అప్పుడు మోకాలు కాస్త వంగుతుంది, కావలసింది అదే.
4. సీటు గొట్టం మీద ఇంతకు మించి లేపకూడదనే గీత ఉంటే అది బయటికి కనబడకూడదు. అంత లేపాల్సొస్తే సైకిలే చిన్నది, మార్చమనండి.

ఇక అందరూ వదిలేసేది ఇది: పాదాలు అందవని వాడు భయపడతాడు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగడం గేటు దగ్గరే నాలుగైదు సార్లు చేయించండి. లేకపోతే అర కిలోమీటరు పోయాక మళ్లీ సీటు దించమంటాడు.

పానా అద్దెకిచ్చే చోటే అడగండి. బ్రేకులు, గాలి కూడా అక్కడే చూసుకోండి. లోపల రిక్షాలు తిరుగుతాయి, ఎడమ పక్కనే తొక్కమనండి.